తార ముఖం

ఆషాఢం 9

తార మా ఇంటికి వచ్చింది. నలుగురు మోసుకొచ్చారు. మెట్ల మీద రెండుసార్లు గోడకి కొట్టారు. మెల్లిగా అని నేను కసిరితే, ఇప్పుడామె ఉత్త రాగే కదా మేస్త్రీ అన్నాడొకడు. వాడి నోరు పడిపోను.

మాట వరకు నిజమే. నిన్న గురువుగారు విహారంలో పూజ చేసి ఆమె ప్రాణాన్ని నీళ్ళ కలశంలోకి దింపాడు. మరమ్మత్తు అయ్యేదాకా దేవత అక్కడే ఉంటుంది, నా దగ్గరున్నది ఒళ్ళు. అలా దింపకపోతే ఆ ఒంటి మీద ఉలి పెట్టడం హత్యతో సమానం.

పోయిన చలికాలం లోపలి గదిలో దీపం అంటుకుని, దూలం విరిగి సరిగ్గా ముఖం మీద పడింది. ముక్కు లోపలికి పోయింది. పై పెదవి లేదు. బంగారు పూతంతా బొగ్గయింది. మిగతా ఒళ్ళు చెక్కు చెదరలేదు, అదే వింత.

చంద్రుడి లెక్కన శ్రావణం సగంలో మొదలయ్యే గుంలా పుణ్యమాసం అష్టమి నాడు విహారాలన్నీ తమ దేవతల్ని బయట పెడతాయి. ఆలోగా ఆమెను అప్పగించాలి. విహారం పెద్దల్లో పెద్దవాడు ధనజ్యోతి ఆజు స్వయంగా వచ్చి చెప్పి వెళ్ళాడు: ప్రాణం బయట ఉన్నా ఒళ్ళు ఆమెదే, మన విహారంలో దీక్ష పుచ్చుకున్న శాక్య కులస్థుడి చెయ్యి తప్ప మరో చెయ్యి తగలకూడదు. ఏడు తరాలుగా తార పని మా ఇంటి హక్కు. నాకు చేతకాదంటే మా పెదనాన్న మనవడు సానుకాజీ చంకలు గుద్దుకుంటూ వచ్చి ఎత్తుకుపోతాడు.

ఆజు మాట్లాడుతున్నంతసేపూ చేతులు శాలువాలో పెట్టుకున్నాను. ఆషాఢంలో శాలువా ఏమిటి అన్నాడు. ఒళ్ళు కాస్త వెచ్చగా ఉందన్నాను.

ఆషాఢం 11

ఉలి జారింది.

ఆషాఢం 12

పెద్దగా ఏమీ కాలేదు. చెంప మీద గోటి పొడుగు గీత. రుద్దితే పోతుంది.

వయసు యాభై నాలుగు, ముప్ఫై ఏళ్ళుగా పాదరసంతో పని, చెయ్యి కాస్త అదరడం మామూలే. పొద్దున అటుకులు తినేటప్పుడు మాత్రం ఎక్కువగా ఉంటోంది. లనీమాయ గిన్నె నా వైపు జరిపి, కిందపడ్డ అటుకులు ఏరుకుని, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. నా పెళ్ళాం ఏమీ అనకపోతే అది తిట్టు కింద లెక్క. నాన్న చివరి రెండేళ్ళు చెంచా పట్టుకోలేకపోయాడు. ఆయనది వేరే సంగతి, ఆయన బాగా తాగేవాడు.

ఆషాఢం 13

మధ్యాహ్నం కింద కొట్లో వాంగ్దు పని చేస్తుంటే చాలాసేపు చూశాను. మంజుశ్రీ బొమ్మకి కనురెప్పలు చెక్కుతున్నాడు. ఊపిరి బిగబట్టకుండా, పాట పాడుకుంటూ చెక్కుతాడు వెధవ. నాకు ఆ పని ఎప్పుడూ రాలేదు. రాగి వాడి మాట వింటుంది. ఇది నేను ఎవరితోనూ అనలేదు, ఇక్కడ రాసుకుంటున్నాను.

వాంగ్దు మా నాన్న కొడుకే. నాన్న పద్దెనిమిదేళ్ళు లాసాలో విగ్రహాలు చేశాడు, అక్కడ ఒక భోటియా ఆమెతో కాపురం పెట్టాడు. మా ఊరు పాటన్ నుంచి అక్కడికి వెళ్ళిన మనవాళ్ళు చాలామంది చేసిందే. అక్కడి భార్యలు అక్కడే, పిల్లలు అక్కడే. చీనా సైన్యం వచ్చి అక్కడ అంతా గల్లంతయ్యాక వాంగ్దు తల్లిని వీపున మోసుకుంటూ కనుమలు దాటి వచ్చాడు. నాన్న అప్పటికే పోయాడు. తల్లి ఆ చలికాలమే కాందిశీకుల శిబిరంలో పోయింది. నేను కొట్లో పని ఇచ్చాను. ఎవడిస్తాడు అలా? పన్నెండేళ్ళయింది. పాటన్ అంతటికీ తెలుసు వాడెవడో. ఎవరూ అనరు. మా విహారంలో వాడికి దీక్ష లేదు, పాడె మోసే మా గుఠి సంఘంలో పేరు లేదు. నన్ను మేస్త్రీ గారూ అంటాడు, అదీ బాగానే ఉంటుంది.

ఆషాఢం 14

వాంగ్దుని మేడ మీదికి పిలిచాను. తలుపు గడియ పెట్టి, కిటికీలు రెండూ మూసి, తారను చూపించాను. ఎదురింటి కిటికీలో ధనజ్యోతి ఆజు చెల్లెలు నానీఛోరీ పొద్దున కూర్చుంటే పొద్దు గుంకేదాకా చిక్కుళ్ళు వొలుస్తూనే ఉంటుంది. ఆమె చేతుల్లో చిక్కుళ్ళు, కళ్ళు మా ఇంట్లో.

వాంగ్దు దగ్గరికి రాలేదు. గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నేను తాకచ్చా అన్నాడు. ఒళ్ళు రాగి, ప్రాణం కలశంలో ఉంది, పని చెయ్యి అన్నాను. నా చేతులు వాడికి చూపించలేదు, కానీ వాడు చూశాడు.

"చేస్తాను మేస్త్రీ గారూ. నాకు డబ్బులొద్దు. ఒక్కటి కావాలి."

"ఏమిటి?"

"అష్టమి నాడు దేవత బయటికి వచ్చినప్పుడు పెద్దలు అడుగుతారు కదా, ఇది ఎవరి చెయ్యి అని. అప్పుడు మీరు మా తమ్ముడి చెయ్యి అనాలి. పేరు చెప్పకపోయినా ఫరవాలేదు. తమ్ముడు అంటే చాలు."

సరే అన్నాను. అనడానికేముంది, ఒక్క మాట.

ఉలి చేతిలోకి తీసుకుని, "ఇక్కడ తలుపు వేసి ఉంది కదా, అన్నయ్యా అనొచ్చా?" అన్నాడు. అనుకో అన్నాను.

ఆషాఢం 19

పని నడుస్తోంది. నడిపిస్తున్నది నేనే, ఎక్కడ ఎంత కొట్టాలో చెబుతున్నాను. వాడు తల ఊపి తనకు తోచినట్టు చేస్తాడు.

ఇవాళ అడుగు పలక విప్పాం. కడుపులో ప్రతిష్ఠప్పుడు మనవాళ్ళు పోసే బియ్యం లేవు. నల్లబడ్డ బార్లీ గింజలు, దేవదారు పొడి, చిన్న చిన్న చుట్టలుగా భోటియా రాత కాగితాలు. వాంగ్దు గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మా అమ్మ ఇంటి వాసన అన్నాడు. పెద్దలేమో ఈ తార పాటన్ నేలలోంచి తనంత తానే పుట్టింది, మనిషి చెయ్యి పడలేదు అంటారు. ఏటా అష్టమి నాడు ఆ కథ చదువుతారు కూడా.

వాడు ఊరుకోలేదు. చూపుడువేలుతో ఒక్కోచోటా చూపిస్తూ చెప్పాడు. నడుము, తుంటి మన పాటన్‌వే, ఇంకెవరూ ఆ వంపు తిప్పలేరు. కిరీటం ఆకులు పాత మగధ పద్ధతి. నగల్లో వెండి పొదగడం కాశ్మీరు వాళ్ళది. భుజాల మీంచి జారే ఉత్తరీయం అంచులు చూడు అన్నయ్యా, చీనా పట్టు అలాగే మడత పడుతుంది, చీనా రాజులు లాసాకి పంపిన బొమ్మల్లో చూశాను. కింద తామర రేకులు లాసా వాళ్ళవి. మనవాడెవడో అక్కడ కూర్చుని, వచ్చిపోయేవాళ్ళందరి దగ్గరా నేర్చుకుని చేశాడు.

"అయితే ఇంతమందిది ఈమె. ఈమెకి లేని మడి నాకెందుకు?" అని నవ్వాడు.

ఇవన్నీ కిందికి దిగాక అనకు అన్నాను. బార్లీ గింజలు మళ్ళీ పోసి పలక మూసేశాం. ఆ పని మాత్రం నేనే చేశాను.

ఆషాఢం 27

ముక్కు వచ్చింది. పెదవి వచ్చింది. కళ్ళు ఇంకా రాలేదు.

ఆజు కబురు పంపాడు, ముఖం అచ్చంగా మన పాటన్ ముఖం కావాలి, భోటియా పోలిక రాకూడదు అని. మహా బాగా తెలిసినట్టు. నేను వాంగ్దుకి చెప్పాను. వాడు విని, పాత ముఖం మీకు గుర్తుందా అన్నాడు. యాభై ఏళ్ళుగా చూస్తున్న ముఖం. గుర్తు తెచ్చుకోబోతే దూలం పడ్డ ముఖమే వస్తోంది.

ఆషాఢం 31

కళ్ళు వచ్చాయి.

గడప మీద కూర్చుని చూశాను. ఆమె ఎవరినీ చూడటం లేదు, కానీ ఎటు నిలబడ్డా నన్నే కనిపెట్టుకుని ఉన్నట్టుంది. నుదురు నాన్నది. ఒట్టు, నాన్న నుదురే. ఆ చెంప ఎముకలు నాకు తెలియనివి. రెండూ ఒక్క ముఖంలో ఎలా ఇమిడాయో చెప్పలేను. మంచి పనివాడిగా చెబుతున్నాను, నా జన్మలో నేను చెయ్యలేనిది అది.

లనీమాయ టీ తెచ్చి చూసింది. చాలాసేపు చూసి, మీ తమ్ముడికి అన్నం పెట్టి పంపు అంది. మీ తమ్ముడు అనడం వాడొచ్చిన పన్నెండేళ్ళలో ఇదే మొదటిసారి.

శ్రావణం 3

ఇక బంగారు మలాము. బంగారాన్ని పాదరసంలో నూరి, ముద్ద చేసి, ఒంటికి రాసి, బొగ్గుల మీద కాల్చాలి. పాదరసం పొగై పోతుంది, బంగారం అతుక్కుంటుంది. మా వాళ్ళు ఈ పని డాబా మీదే చేస్తారు. గాలి వీపు వైపు నుంచి రావాలి, మూతికి తడిగుడ్డ, కడుపు నిండా కొవ్వు మాంసం. నాన్న చెప్పిన మూడు కట్టుబాట్లు.

కానీ వానాకాలం. డాబా మీద ఎలా కుదురుతుంది? వాన చినుకు పడితే మచ్చలొస్తాయి. గదిలోనే చెయ్యాలి.

శ్రావణం 5

లనీమాయతో గొడవ. కిటికీలు తెరిచి పెట్టు అంటుంది. తెరిస్తే ఎదురింటావిడకి కనపడేది తార కాదు, తారకి ముద్ద రాస్తున్న వాంగ్దు. అప్పుడు ఏడు తరాల హక్కు పోతుంది, వాడి శ్రమా మట్టిపాలవుతుంది. వాడి మంచికే చెబుతున్నాను అన్నాను. అయితే నువ్వే కాల్చు, ముద్ద రాయడానికి అదిరే చెయ్యి చాలు అంది. చాలదు. మందం తేడా వస్తే మొత్తం పాడు.

వాంగ్దు తనే చేస్తానన్నాడు. నేను బలవంతం చెయ్యలేదు.

శ్రావణం 6

మొదటి పూత. ఎండ బాగా కాసింది.

శ్రావణం 7

రెండో పూత. తలుపు కింద సందుకి గోనె కుక్కాం, వాసన మెట్ల మీదికి పోకుండా. నేను బయట మెట్ల మీద కాపలా కూర్చున్నాను. లోపల వాడు పాడుతుంటే వినపడింది. తరవాత దగ్గు. తరవాత మళ్ళీ పాట.

ఇవాళ కూడా వాన లేదు.

శ్రావణం 8

మూడో పూత. అయిపోయింది. మధ్యాహ్నానికి తలుపు తీశాను. తార పసుపు ముద్దలా మెరుపు లేకుండా కూర్చుని ఉంది, పూత చక్కగా పట్టింది. వాంగ్దు మూల కూర్చుని ఉన్నాడు. నోట్లో రాగి నాణెం పెట్టుకున్నట్టుంది అన్నయ్యా అన్నాడు. నీళ్ళిచ్చాను. సారా కూడా ఇచ్చాను. అప్పుడు గానీ కిటికీ తెరవలేదు.

శ్రావణం 10

వాంగ్దు కొట్టుకి రాలేదు. శిబిరం నుంచి కబురొచ్చింది, జ్వరమట. ఊరంతా జ్వరాలే ఈ వర్షాలకి.

శ్రావణం 13

వచ్చాడు. వద్దన్నా మేడ ఎక్కాడు. మూడు మెట్లకోసారి ఆగాడు. అకీకు రాయితో ముఖం మెరుగు పెట్టడం ఇంకొకరికి ఇవ్వనన్నాడు. రోజంతా పట్టింది. ఉమ్మి ఊరుతూనే ఉంది, పక్కన గిన్నె పెట్టుకుని ఉమ్మేశాడు. చూస్తే ఎర్రగా ఉంది. చిగుళ్ళు వాచాయట. వానాకాలం చిగుళ్ళు అందరికీ వాస్తాయి.

నేను అలా అన్నప్పుడు వాడు నవ్వాడు.

"నాన్నకీ వానాకాలమేనా?"

మెరుగు పెట్టాక ముఖం చూడాలి. నేను ఇక ఏమీ రాయను దాని గురించి.

శ్రావణం 17

గుంలా మొదలై రెండు రోజులైంది. పొద్దున్నే డోళ్ళు వాయించుకుంటూ స్వయంభూ స్తూపానికి వెళుతున్నారు జనం.

ధనజ్యోతి ఆజు వచ్చాడు. నా ప్రాణాలు పైకే పోయాయి. నెలరోజులుగా నీ మేడ కిటికీలు మూసి ఉన్నాయని మా చెల్లెలు అంటోంది, ఏమిటి సంగతి అన్నాడు. దేవత ఒంటి మీద బంగారం లేదు ఆజూ, ఆడమనిషి బట్టల్లేకుండా ఉంటే కిటికీలు తీసి పెట్టమంటారా అన్నాను. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ మాట. ముసలాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నీలాంటి మర్యాద తెలిసినవాడు ఇవాళ రేపు లేడురా అన్నాడు.

వెళుతూ వెళుతూ ఇంకోటి అన్నాడు. సానుకాజీ ఏదేదో వాగుతున్నాడట, ఆ భోటియావాడి చెయ్యి పడిందని. నేను నమ్మను బేఖారత్నా, కానీ అదే నిజమైతే ఆ ముఖం గీకించెయ్యాలి, వేరే దారి లేదు.

గీకించెయ్యాలి. మూడుసార్లు రాశాను, రెండు కొట్టేశాను.

శ్రావణం 18

బాగా ఆలోచించాను. చెబితే ముఖం పోతుంది. వాడు ప్రాణం పెట్టి చేసిన ముఖం. చెప్పకపోతే ముఖం ఉంటుంది. వాడికి మేలు చెయ్యాలంటే నోరు మూసుకోవాలి. ఇది పిరికితనం కాదు. ఎవరైనా ఇలాగే ఆలోచిస్తారు.

శ్రావణం 20

వాంగ్దు లేవలేకపోతున్నాడట. లనీమాయ చారు పట్టుకుని శిబిరానికి వెళ్ళింది. తిరిగొచ్చి మేడ మీదికి వెళ్ళి ఆ గది కిటికీలు రెండూ తెరిచింది. తార పొద్దున్నే విహారానికి వెళ్ళిపోయింది, ఇప్పుడు తెరిస్తే ఏం లాభం అన్నాను. నా వైపు తిరిగింది.

"ఛాతీ గర్రు గర్రుమంటోంది. మీ నాన్నకి పదేళ్ళు పట్టింది, వాడికి మూడు రోజుల్లో పోశావు."

వాడే చేస్తానన్నాడు అన్నాను. అవును అంది, వాడే అన్నాడు.

శ్రావణం 22

గుంలా అష్టమి.

నిదానంగా రాస్తాను. పొద్దున గురువుగారు కలశంలోంచి ప్రాణాన్ని తిరిగి ఒంట్లోకి ఎక్కించాడు. తెర తీశారు. ఆడవాళ్ళు ఏడవడం మొదలుపెట్టారు. మా వీధి చివరి ముసలమ్మ, ఇది నా పెళ్ళినాటి ముఖం అని అందరితో అంటోంది. గేటు బయట నిలబడ్డ భోటియా ముసలావిడ మా అక్క ముఖం, మా అక్క ముఖం అని నేల మీద సాగిలపడింది. ఎవరికి వారికి తమవాళ్ళే కనపడ్డారు. పెద్దలేమో అచ్చమైన పాటన్ ముఖమని తేల్చేశారు.

ధనజ్యోతి ఆజు నా వైపు తిరిగి, పద్ధతి ప్రకారం అడిగాడు. ఇది ఎవరి చెయ్యి?

నా చెయ్యి అన్నాను.

తరవాత క్షమాపణ పూజ. పని చేసినవాడు దేవత ఎదుట మోకరించి తన పేరు, తండ్రి పేరు చెప్పి, నీ ఒంటి మీద ఉలి పెట్టాను, నిప్పు పెట్టాను, మన్నించు అని అడగాలి. అప్పుడు గానీ ఆ పాపం దిగదు. హేరామాన్ కొడుకు బేఖారత్న అని చెప్పాను. నేను పెట్టని ఉలికీ, పెట్టని నిప్పుకీ నాకు మన్నింపు దొరికింది. ఆ రెండూ పెట్టినవాడు శిబిరంలో పడుకుని ఉన్నాడు, వాడి పేరున ఎవరూ అడగలేదు. నేను నిజంగా చేసినదానికి ఏ మంత్రమూ లేదు.

దండ వేశారు. బరువుగా ఉంది. రెండు చేతులూ దండ కిందే పెట్టుకున్నాను.

శ్రావణం 24

వెళ్ళాను. వెళ్ళకూడదనుకుని బయలుదేరి, వెళ్ళాను.

గోడ వైపు తిరిగి ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. పక్క గదిలో ఎవరో జపం చేస్తూ మణిచక్రం తిప్పుతున్నారు. నన్ను చూసి లేవబోయాడు, పడుకో అన్నాను. ఊపిరికీ ఊపిరికీ మధ్య చాలా ఆలస్యమవుతోంది.

"చెప్పావా అన్నయ్యా?"

"చెప్పాను."

"తమ్ముడనే అన్నావా?"

"తమ్ముడనే."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. తలలూపారు."

కళ్ళు మూసుకున్నాడు. ఆ ముఖంలో వచ్చిన శాంతి చూశాను, ఆ శాంతికి నేనిచ్చింది అబద్ధం. నాన్న వినుంటే బావుండేది అన్నాడు. తలుపు తీసే ఉంది, అయినా అన్నయ్యా అనే పిలిచాడు. ఇక దాచనక్కర్లేదనుకున్నాడు పాపం.

దారిలో బాగమతి ఏటి ఒడ్డున కూర్చుని ఏడ్చాను. ఎవరూ చూడలేదు.

శ్రావణం 26

తెల్లవారుజామున పోయాడు. శిబిరం వాళ్ళే మోశారు. మా గుఠి రాదు, వాడు మావాడు కాదు కదా. నేను వెనక, చాలా వెనక నడిచాను. ఎవరైనా అడిగితే మా కొట్టు పనివాడు అని చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. ఎవరూ అడగలేదు.

శ్రావణం 29

వీధిలో కొత్తవాళ్ళు కూడా ఆగి నమస్కారం చేస్తున్నారు. సానుకాజీ వచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టాడు, అనవసరంగా అనుమానపడ్డాను బాబాయ్ అన్నాడు. లేపి టీ ఇప్పించాను. లనీమాయ టీ తేలేదు. నేనే కలిపాను, సగం ఒలికింది.

శ్రావణం 30

ముఖం మాత్రం ఉంది. అది చాలు. నేను నోరు విప్పనంతకాలం ఉంటుంది.

భాద్రపదం 2

నిద్ర లేదు. పళ్ళలో రాగి రుచి. నేను ఆ గదిలోకే వెళ్ళలేదు, నాకెలా వస్తుంది?

భాద్రపదం 4

ఇవాళ పదో రోజు. ఇంట్లో మగమనిషి పోతే పదో రోజున వాడి అన్నదమ్ములు తల గొరిగించుకుంటారు. మంగలాయన భార్య ఇంటిల్లిపాదికీ కాలి గోళ్ళు తీస్తుంది. అది చావుకి మాత్రమే చేసేది, మైల ఆ గోళ్ళతో పోతుంది.

పొద్దున లేచినప్పటి నుంచీ తల దురద. ఆగలేకపోయాను. విహారం వాకిట్లో మంగలాయన కనపడితే కూర్చుని, గొరుగు అన్నాను. ఎవరు పోయారు బాబూ అన్నాడు. ఎవరూ పోలేదు, తారకి మొక్కు అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో నోట్లోంచి. చుట్టూ జనం చేరారు. ధనజ్యోతి ఆజు అరుగు మీద నుంచి చూసి, చూశారా, దేవత ముఖం తెచ్చినవాడి భక్తి అన్నాడు. ఒక తల్లి తన బిడ్డను నా పాదాలకి తాకించింది. గుండు మీద ఎండ చురుక్కుమంటోంది. బాగానే ఉంది అనుకున్నాను, తమ్ముడి ఋణమూ తీరింది, ఎవరికీ తెలియలేదు. సరిగ్గా ఇలాగే అనుకున్నాను, అందుకే రాస్తున్నాను.

అప్పుడు లనీమాయ వచ్చింది. తెల్లచీర కట్టుకుని ఉంది. వాకిట్లో అందరి మధ్యలోంచి నడిచొచ్చి, మంగలాయన భార్య తులసీమాయ ఎదుట మెట్టు మీద కూర్చుని, కాలు చాపింది. గోళ్ళు తియ్యి అంది.

తులసీమాయ నా వైపు చూసి, ఆమె వైపు చూసి, మొక్కుకి గోళ్ళు తియ్యరమ్మా అంది. మొక్కు కాదు అంది లనీమాయ. ఎవరు పోయారని అడిగింది తులసీమాయ. అది అడగాలి, అడగందే కత్తి పెట్టకూడదు.

"మా మరిది. మా మామగారి చిన్న కొడుకు. తార ముఖం చెక్కింది వాడే."

గొంతు పెంచలేదు. పెంచనక్కర్లేకపోయింది. డోలు వాయిస్తున్నవాడు కూడా ఆపేశాడు.

ధనజ్యోతి ఆజు అరుగు దిగి నా దగ్గరికొచ్చాడు. బేఖారత్నా, ఆడమనిషి దుఃఖంలో ఏదో అంటోంది, నువ్వు ఒక్క మాట చెప్పు చాలు అన్నాడు. ఆయన నాకు దారి ఇస్తున్నాడు. చక్కటి దారి. మతి చలించింది ఆజూ అంటే సరిపోయేది, అందరూ నమ్మేవారు, నమ్మాలని చూస్తున్నారు కూడా. హక్కు ఉండేది. ముఖం ఉండేది. ఆ మాట నాలుక చివర ఉంది, ఇప్పటికీ దాని రుచి తెలుస్తోంది. లనీమాయ నా వైపు చూడలేదు. చూసుంటే కోపంతోనైనా అనేసేవాణ్ణేమో.

శాలువా తీసి పక్కన పెట్టాను. నా చేతులు అదరడం అందరూ చూశారు. ఎవడో అబ్బా అన్నాడు. ఆ చేతులతో ముక్కు చెక్కలేరని పసిపిల్లలకైనా అర్థమవుతుంది.

లనీమాయ పక్కన మెట్టు మీద కూర్చుని నేనూ కాలు చాపాను. తులసీమాయ నా కాలు ఒళ్ళోకి తీసుకుంది. పద్ధతి ప్రకారం మళ్ళీ అడిగింది, ఎవరు అని.

"తమ్ముడు" అన్నాను. "హేరామాన్ శాక్య కొడుకు వాంగ్దు."

నా వెనక పెద్దలు విహారం లోపలికి నడుస్తున్న చప్పుడు వినపడింది. గీకే పనిముట్లు సానుకాజీ ఇంట్లో ఉన్నాయి, అందరికీ తెలుసు. తులసీమాయ తల ఎత్తకుండా చిటికెన వేలితో మొదలుపెట్టింది.